తెల్ల మిషన్ వచ్చింది, నల్ల మిషన్ ఎక్కడికీ పోలేదు

తీర్పు ముందే చెప్పేస్తాను, తీరిక ఉన్నవాళ్లు మిగతాది చదువుకోవచ్చు. ఇంట్లో నల్ల తొక్కుడు కుట్టు మిషన్ ఉండి, అది శుభ్రంగా కుడుతుంటే, దాన్ని పాత ఇనప సామాన్ల బండికి వేసేసి కరెంటుతో నడిచే తెల్ల ఆటోమేటిక్ కొందామనుకుంటున్నారా, ఆ పని మాత్రం చేయకండి. రెండూ పెట్టుకునే చోటుంటే నిక్షేపంగా కొనుక్కోండి. అసలు మిషనే లేని ఇల్లయి, కుట్టాల్సినవి పిల్లల గౌన్లు, దిండు గలీబులు, కర్టెన్లు, చిరుగులు, ఎప్పుడో ఓ జాకెట్టు అయితే ఈ తెల్ల మిషన్ ఒక్కటీ సరిపోతుంది.

మాది రాజమండ్రి. ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. మా ఇంట్లో కుట్టేది మా ఆవిడ, విప్పేది నేను. కనక ఇందులో కుట్టు గురించి ఉన్న మాటలు ఆవిడవి, స్క్రూలు, నూనె గురించి ఉన్నవి నావి. చాలాచోట్ల మా ఇద్దరికీ పడలేదు, అది కూడా రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. 10 వేల చుట్టుపక్కల దొరికే పోర్టబుల్ జిగ్‌జాగ్ మిషన్లు, అంటే తిన్నగానే కాక వంకరటింకరగా కూడా కుట్టేవి, పైన డబ్బా వేరైనా లోపల ఇంచుమించు ఒకటే పద్ధతి. కిందిదారం చుట్టిన బాబిన్ కూర్చునే చిన్న గిన్నెని, అంటే బాబిన్ కేస్‌ని, ముందు వైపు నుంచి పెట్టే రకం గురించే నేను చెబుతున్నది.

కొనడానికి కారణం మా ఆవిడ మోకాళ్లు. గంటల తరబడి తొక్కలేకపోతోంది. నిజానికి దానికి చవకైన మందు వేరే ఉంది. నల్ల మిషన్‌కే వెనకాల చిన్న మోటారు బిగించి, కింద పెడల్ పెట్టేస్తే సరి. కొత్త మిషన్ ధరలో నాలుగో వంతు కూడా అవదు. నేను అదే అన్నాను. ఈలోగా మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేసింది. అట్టపెట్టె గుమ్మంలోకి వచ్చాక ఇంకేం మాట్లాడతాం.

బరువు 6 కిలోల దాకా ఉంటుంది. పైన ప్లాస్టిక్ తొడుగు, లోపల లోహపు చట్రం. నల్ల మిషన్ తల ఒక్కటే 10 కిలోల పైమాట, దాని కింద పోత ఇనుము స్టాండు. ఈ బరువు తేడా కొన్నవాళ్లకి మొదటి రోజే తెలుస్తుంది. తెల్ల మిషన్ని ఒక చేత్తో తీసి అలమారాలో పెట్టేయొచ్చు, సంతోషమే. కానీ డైనింగ్ టేబుల్ మీద పెట్టి పెడల్ పూర్తిగా నొక్కితే పక్కన గ్లాసులు మోగుతాయి, మిషన్ కూడా నెమ్మదిగా జరుగుతూ పోతుంది. కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేశాక తగ్గింది. కదలని బల్ల లేని ఇంట్లో ఈ మిషన్ మీద తిన్నని కుట్టు ఆశించొద్దు.

ఇక అసలు సంగతి, కుట్టు. జిగ్‌జాగ్ బాగుంది. చాలా బాగుంది. జాకెట్టు లోపలి అంచులు పోగులు ఊడకుండా కుట్టుకోవడానికి ఇదివరకు ఓవర్‌లాక్ షాపుకి పంపేవాళ్లం, అక్కడ వాళ్లు ఇచ్చినప్పుడు తెచ్చుకోవాలి. ఇప్పుడు ఇంట్లోనే అయిపోతోంది. వెడల్పు 5 మిల్లీమీటర్ల దాకా పెట్టుకోవచ్చు. నైటీల బట్టకి, టీషర్టు బట్టకి సన్న జిగ్‌జాగ్ పెడితే బట్ట సాగినా కుట్టు తెగదు. కాజాలు నాలుగు మెట్లలో కుడుతుంది. ఒక పక్క, పైన అడ్డం, రెండో పక్క, కింద అడ్డం, ఒక్కోదానికి డయల్ మనమే తిప్పాలి. రెండు పక్కలా కుట్టు ఒకే చిక్కదనంతో రావాలంటే ముందు అదే బట్ట ముక్క మీద, అదే లైనింగు వేసి, ఒకటి కుట్టి చూసుకోవాలి. ఒక పక్క ముందుకు, ఇంకో పక్క వెనక్కి నడుస్తుంది కనక తేడా రావడం సహజం. చొక్కా కాజాలు చేత్తో కుట్టే మా ఆవిడ దీన్ని చూసి పెదవి విరిచింది గానీ, ఆ తర్వాత చేత్తో కాజా కుట్టగా నేను చూడలేదు.

పక్క పలక ఊడదీస్తే సన్నటి చెయ్యి ఒకటి మిగులుతుంది. జాకెట్టు చేతులు, పిల్లల లాగు కాళ్లు దానికి తొడిగి చుట్టూ కుట్టేసుకోవచ్చు. నల్ల మిషన్‌లో ఈ వసతి లేదు. మామూలు మిషన్ మీద చిన్నపిల్లల చేతి అంచు మడతపెట్టి కుట్టినవాళ్లకి దీని విలువ చెప్పక్కర్లేదు. చీరకి ఫాల్ వేయడానికి మాత్రం ఆవిడ ఇది వాడదు. పైకి కుట్టు కనపడుతుందని చేత్తోనే వేస్తుంది. ఫాల్ ముందు తడిపి ఆరేసి మరీ వేయాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే చీర అంచు ముడుచుకుపోతుంది, ఇది మిషన్‌కి సంబంధం లేని మాటనుకోండి.

జార్జెట్ దగ్గర మాత్రం తెల్ల మిషన్ ఓడిపోతుంది. కారణం సూది పలక చూస్తే తెలుస్తుంది. నల్ల మిషన్ తిన్నగా మాత్రమే కుడుతుంది కనక దాని పలకలో సూది దిగడానికి చిన్న గుండ్రటి రంధ్రమే ఉంటుంది. జిగ్‌జాగ్ మిషన్‌లో సూది అటూ ఇటూ ఊగాలి, అందుకని అక్కడ అడ్డంగా పొడుగాటి కంత ఉంటుంది. పల్చటి బట్ట అంచు దగ్గర కుట్టు మొదలుపెట్టామా, సూది బట్టని ఆ కంతలోకి తోసేస్తుంది. బట్ట కింద ఇరుక్కుంటుంది, దారం ఉండ కడుతుంది. షిఫాన్, జార్జెట్ కుట్టేటప్పుడు కింద పాత న్యూస్‌పేపర్ ముక్క వేసి దానితో కలిపి కుట్టి, తర్వాత కాగితం చింపేస్తే సరిపోతుంది. పని అవుతుంది. కానీ తిన్నటి కుట్టు అందం మాత్రం నల్లదానిదే. ఒకే పట్టు ముక్క మీద రెండింటితో పక్కపక్కనే కుట్టి భూతద్దం పెట్టి చూశాను. నల్ల మిషన్ కుట్టు గీత గీసినట్టుంది, తెల్లదాని కుట్టులో ఒక్కో టాకా రవ్వంత ఏటవాలుగా పడింది. మామూలు కంటికి కనపడదు. మా ఆవిడకి కనపడుతుంది, ఆవిడ పట్టు జాకెట్లన్నీ పాత మిషన్ మీదే.

రెండో లోపం మందం. లైనింగు, పైపింగు, అసలు బట్ట అన్నీ కలిసి చంక దగ్గర ఎన్ని పొరలవుతాయో జాకెట్లు కుట్టేవాళ్లకి తెలుసు. అక్కడికొచ్చేసరికి మోటారు మూలుగుతుంది, సూది దిగదు. అప్పుడు పెడల్ ఇంకా గట్టిగా నొక్కకూడదు. కాలు తీసి, పక్క చక్రాన్ని చేత్తో మన వైపుకి తిప్పుతూ నాలుగు కుట్లు దాటించాలి. ఎత్తుగా ఉన్న చోటికి బట్టని నొక్కి పట్టే మిషన్ పాదం ఎక్కేటప్పుడు వెనక అదే మందంలో మడిచిన గుడ్డ పెడితే పాదం వాలిపోకుండా సమంగా ఎక్కుతుంది. జీన్స్ అడుగు మడత కుట్టాలంటే 16 నంబరు సూది, చేతి చక్రం, ఓపిక మూడూ కావాలి. నేను పై తొడుగు విప్పి చూశాను, లోపల కొన్ని పళ్లచక్రాలు ప్లాస్టిక్‌వి. చప్పుడు తక్కువ రావడానికి అదొక కారణం, అందులో తప్పులేదు. కానీ బలవంతం చేస్తే అరిగేదీ విరిగేదీ అవే. రోజూ నాలుగు జాకెట్లు కుట్టి సంపాదించుకునేవాళ్లకి ఈ మిషన్ నేను చెప్పను. పెడల్ కూడా, నెమ్మదిగా చాలాసేపు నడిపితే వేడెక్కుతుంది. మధ్యలో కాసేపు ఆపాలి.

సర్వీసు గురించి చెప్పాలి. కొన్న కొంతకాలానికి కుట్లు వదిలేయడం మొదలైంది. నాలుగు కుట్లు పడతాయి, ఒకటి పడదు. ఊళ్లో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్తే ఆయన చక్రం ఒక్కసారి తిప్పి, ‘టైమింగు పోయిందండీ, ఉంచి వెళ్లండి’ అన్నాడు. ఎంతవుతుందంటే చెప్పిన అంకెకి నేను మిషన్ మళ్లీ సంచీలో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి సూది పలక తీసి, చక్రం చేత్తో తిప్పుతూ టార్చి వేసి చూశాను. ఈ సంగతి ఎవరైనా చూడొచ్చు, చూడాలి కూడా. సూది కిందికి దిగి, మళ్లీ రెండు మిల్లీమీటర్లు పైకి లేవగానే, దాని వెనక దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో కింద తిరిగే షటిల్ కొక్కెం ముక్కు వచ్చి ఆ ఉచ్చులో దూరుతుంది. దాన్ని లాక్కుని బాబిన్ కేస్ చుట్టూ తిప్పి వదిలేస్తుంది. పైదారం, కిందిదారం రెండూ బట్ట మధ్యలో ముడిపడతాయి. కుట్టంటే ఇంతే. కొక్కెం ముక్కుకీ సూదికీ మధ్య ఉండేది వెంట్రుకవాసి. సూది రవ్వంత వంగినా, బిగింపులో పూర్తిగా పైదాకా వెళ్లకపోయినా, మొన మొద్దుబారినా ఉచ్చు ఉండాల్సిన చోట ఉండదు. ముక్కు ఖాళీగా తిరిగిపోతుంది, ఒక కుట్టు పడదు. షాపాయన పోయిందన్న టైమింగు ఇదే, మా మిషన్‌లో కొక్కెం రావలసిన సమయానికే వస్తోంది. సూది మొనని గోటి మీద గీస్తే గరుకుగా గీరుకుంది. అంతకు ముందు కుట్టినవి జరీ జాకెట్లు, జరీ సూదిని తినేస్తుంది. కొత్త సూది వేశాక కుట్టు ఒక్కటి కూడా వదల్లేదు. సూది ధర ఎంతో మీకు తెలుసు.

సూది మార్చడంలో ఒక్క విషయం చూసుకోవాలి. సూది మెడ ఒక పక్క చదునుగా ఉంటుంది. సన్నటి పొడుగు గాడి ఉన్న వైపు నుంచి దారం ఎక్కించాలి, చదును దానికి ఎదుటి వైపు ఉంటుంది. తెల్ల మిషన్‌లో దారం ముందు నుంచి ఎక్కుతుంది కనక చదును వెనక్కి. నల్లదానిలో దారం పక్క నుంచి ఎక్కుతుంది కనక చదును కూడా పక్కకే. ఇంట్లో రెండు మిషన్లూ ఉన్నవాళ్లు ఇక్కడ తికమకపడతారు. సూది రకం రెండింటికీ ఒకటే, అదొక సుఖం. సన్న పట్టుకి 11, మామూలు కాటన్‌కి, రూబియా లైనింగుకి 14, మందానికి 16. ఒకే 14 సూదితో ఏడాదంతా అన్నీ కుట్టేసి, మిషన్ బాగాలేదనేవాళ్లని చాలామందిని చూశాను.

కింద దారం ఉండలు కడితే అందరూ బాబిన్ కేస్ స్క్రూ తిప్పుతారు. దోషం కింద కనపడుతుంది గానీ ఉండేది పైన. పైదారం, దాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకి వెళ్లలేదని దాని అర్థం. పాదం దించి ఉన్నప్పుడు ఆ బిళ్లలు మూసుకుని ఉంటాయి, అప్పుడు దారం ఎక్కిస్తే పైనే తేలుతుంది. పాదం పైకెత్తి దారం ఎక్కించాలి, ఆ తర్వాత దించాలి. టెన్షన్ డయల్ 4 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. బట్ట పైన కిందిదారం చుక్కలు కనపడితే పైది బిగువు ఎక్కువ, తగ్గించండి. బాబిన్ కేస్ స్క్రూ జోలికి వెళ్లాల్సి వస్తే ముందు ఒక పరీక్ష చేయండి. దారం కొస పట్టుకుని కేస్‌ని వేలాడదీయండి. దానంతట అది జారిపోకూడదు, చెయ్యి చిన్నగా ఎగరేస్తే కాస్త దిగి ఆగాలి. అలా ఉంటే ముట్టుకోవద్దు. మా ఆవిడ ఈ పరీక్షలేవీ చేయదు, దారం వేళ్ల మధ్య లాగి చూసి చెప్పేస్తుంది. నాకు ఆ వేళ్లు లేవు కాబట్టి ఈ పద్ధతి.

శుభ్రం చేయడంలో తెల్ల మిషన్‌కి నేను నల్లదానికన్నా ఎక్కువ మార్కులు వేస్తాను. బాబిన్ కేస్ తీసేశాక అటూ ఇటూ రెండు చిన్న మీటలుంటాయి. వాటిని పక్కకి తిప్పితే రింగూ, దాని వెనక షటిలూ చేతిలోకి వచ్చేస్తాయి, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. మా అమ్మాయి ఇంటికి టర్కీ తువ్వాళ్లు అంచులు కుట్టి పంపాక విప్పితే, పళ్ల కింద నూగు అంతా గట్టిపడి కంబళి ముక్కలా ఊడివచ్చింది. అది అక్కడుంటే బట్టని ముందుకు జరిపే పళ్లు పైకి లేవవు, కుట్టు ఒకేచోట పడుతుంది, జనం టాకా పొడవు పెట్టే డయల్ పాడైందనుకుంటారు. పెట్టెలో ఇచ్చిన బ్రష్ చాలు. నోటితో ఊదకండి, ఊపిరిలో తడి ఇనుముకి చేటు. మాకు గోదావరి గాలి, వర్షాకాలంలో సూది పలక అంచున తుప్పు పొర కనపడితే తెల్ల జాకెట్టు మీద గీత పడినట్టే.

నూనె దగ్గర నాకూ మా ఆవిడకీ తగాదా. వాళ్ల పుట్టింట్లో మిషన్‌కి కొబ్బరినూనె వేసేవారట. కొబ్బరినూనె కొన్నాళ్లకి జిగురుగా మారి కీళ్లు పట్టేస్తుంది. నల్ల మిషన్ మా ఇంటికొచ్చిన కొత్తలో దాని కీళ్లలోంచి నేను ఆ జిగురే కిరసనాయిలుతో కడిగాను. కుట్టు మిషన్ నూనె అని నీళ్లలా తేటగా, రంగులేకుండా చిన్న సీసాలో అమ్ముతారు, అదే వేయాలి. నల్లదానికి తల మీద, ముఖం పలక వెనక, అడుగున, ఇనుము ఇనుముతో రాసుకునే ప్రతిచోటా కంత ఉంటుంది. రోజూ కుట్టేవాళ్లయితే వారానికోసారి ఒక్కో చుక్క. తెల్లదానికి షటిల్ తిరిగే గాడిలో ఒక్క చుక్క, పుస్తకంలో చూపించిన ఒకటి రెండు చోట్ల తప్ప ఇంకెక్కడా వద్దు, ప్లాస్టిక్ చక్రాల మీద అసలు వద్దు. నూనె వేశాక పనికిరాని గుడ్డ మీద కాసేపు నడిపించి, సూది దగ్గర మరక పడటం లేదని చూశాకే మంచి బట్ట పెట్టాలి. తొక్కుడు మిషన్ తోలు బెల్టుకి నూనె తగలనీయకండి, జారుతుంది. బెల్టు సాగి చక్రం ఖాళీగా తిరుగుతుంటే కొత్తది కొననక్కర్లేదు. క్లిప్పు విప్పి, అర అంగుళం కోసి, కొసలో కంత చేసి మళ్లీ తగిలించుకుంటే ఇంకా చాలాకాలం నడుస్తుంది.

స్పేర్‌పార్టుల విషయంలో నల్లదానికి తిరుగులేదు. మన దేశంలో నల్ల మిషన్లలో చాలామటుకు సింగర్ వాళ్ల 15వ క్లాసు మోడల్‌ని చూసి చేసినవే, పైన పేరు ఏదైనా. లూధియానాలో తయారైన బాబిన్ కేసూ షటిలూ ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, తెచ్చి పెడితే కూర్చుంటాయి. తెల్లదానికి బాబిన్ కొనేటప్పుడు కూడా మన బాబిన్ పట్టుకెళ్లి పక్కన పెట్టి ఎత్తు సరిచూసుకోవాలి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా కేస్‌లో గలగలలాడుతుంది. పెడల్, బల్బు, మోటారు కంపెనీ వాళ్లనే అడగాలి. కరెంటు పోతే తెల్లది బొమ్మ, అది వేరే చెప్పక్కర్లేదు. నా మార్కులు 5కి 3. మా ఆవిడ 4 వేయమంది. జిగ్‌జాగ్‌కే 4 అట, మిగతాది దానికి కట్నమట.

షాపులో కొనేవాళ్లకి ఒక సలహా. వాళ్లు డెమో చూపించేటప్పుడు గంజి పెట్టిన తెల్ల కాటన్ ముక్క మీద కుట్టి చూపిస్తారు, దాని మీద ఏ మిషనైనా అందంగానే కుడుతుంది. మీరు ఇంటినుంచి మూడు ముక్కలు పట్టుకెళ్లండి. జార్జెట్ ఒకటి, సాగే టీషర్టు బట్ట ఒకటి, లైనింగుతో కలిపి నాలుగు పొరలు మడిచిన జాకెట్టు గుడ్డ ఒకటి. పైన ఎర్రదారం, కింద తెల్లదారం వేయించండి, టెన్షన్ ఎలా ఉందో రెండు వైపులా రంగే చెబుతుంది. నెమ్మదిగా, ఒక్కొక్క కుట్టు పడేలా పెడల్ తొక్కి చూడండి. మోటారు మూలగకుండా కదిలితే బిల్లు వేయించండి. షటిల్ విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించడం అక్కడే వాళ్ల చేత ఒకసారి, మీ చేత్తో ఒకసారి చేయించుకుని మరీ ఇంటికి తెచ్చుకోండి.